కాంటా సర్వర్‌లో ఒక్క లైను

రిటైరై ఏడాది దాటింది. ఇప్పటికీ పొద్దున ఏడింటికల్లా తయారై గుమ్మం దగ్గర నిలబడతాను. పోవాల్సిన చోటు ఏదీ లేదని అప్పుడు గుర్తొస్తుంది. వేసుకున్న చెప్పులు విప్పబుద్ధి కాక, వికారాబాద్ స్టేషన్ దాకా నడిచి, తాండూరు వైపు పోయే రైలు కదిలాక వెనక్కి వస్తాను. ఇంట్లోవాళ్ళు దీన్ని వాకింగ్ అనుకుంటున్నారు. నేనూ అవునంటున్నాను.

ఇరవై ఆరేళ్ళు తాండూరులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగంలో పనిచేశాను. ఫ్యాక్టరీ పేరు రాయను. పేరుతో ఇక్కడ పనిలేదు. మా వీధిలో ఇంజినీరింగ్ చదివి సర్వర్ల ఉద్యోగాల్లోకి పోయే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, ఏం నేర్చుకుంటే పనికొస్తుందని అడుగుతారు. రెండు మూడు సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్పి, టీ ఇచ్చి పంపిస్తాను. వాళ్ళు గేటు దాటగానే మనసు పీకుతుంది. చెప్పాల్సింది అది కాదు కదా అని. ఆ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎన్ని వచ్చాయి అన్నది ఎవరికీ అక్కర్లేదు.

చేసేది ఏమిటంటే

మా ఫ్యాక్టరీలో నలభై దాకా సర్వర్లు. గేటు దగ్గర ఒకటి, లారీల బరువు తూచే కాంటా దగ్గర ఒకటి, బట్టీ దగ్గర, స్టోర్సులో, జీతాల సెక్షన్‌లో, ఇట్లా. ఒక్కోదానికి ఒక్కో రకం సెట్టింగులు. వీటన్నిటినీ చేత్తో చూసుకోవడం ఎవరి వల్లా కాదు గనక దానికోసమే ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఏ మిషన్ ఎట్లా ఉండాలో రూల్స్‌గా ఒక్కచోట రాసిపెడతాం. ప్రతి మిషన్‌లో ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాం కూర్చుని ఉంటుంది. అది అరగంటకోసారి ఆ రూల్స్ చదువుతుంది. మిషన్‌లో ఏదైనా తేడా కనబడితే ఎవరినీ అడగకుండా రూల్స్‌లో ఉన్నట్టు మార్చేస్తుంది. మీరు చేత్తో మార్చిన మార్పు మంచిదా చెడ్డదా అన్నది దానికి పట్టదు. రాసి ఉంటే ఉంచుతుంది, లేకపోతే తుడిచేస్తుంది.

ఇంత మంచి పనిముట్టును మా దగ్గర ఎట్లా వాడుకున్నామంటే, పని అర్జెంటుగా ఆగిపోయినప్పుడు మిషన్ దగ్గరికి ఉరికి, సెట్టింగు చేత్తో మార్చేవాళ్ళం. అరగంట తర్వాత ఏజెంటు వచ్చి తుడిచేస్తుంది గనక ముందు దాన్ని ఆపేసేవాళ్ళం. దీనికి మాలో మాకు ఒక పేరుండేది. ఏజెంటును పండబెట్టడం. "జర ఇప్పటికి పండవెట్టి నడిపియ్యి, రూలు తర్వాత రాద్దాం" అనేవాళ్ళం. బట్టీ ఆగితే పైనుంచి కిందిదాకా అందరూ మెడ మీద కూర్చునే చోట అది తప్పనిపించేది కాదు. మిషన్ నడిపించిన మనిషికి మెచ్చుకోళ్ళు. తర్వాత కూర్చుని రూలు రాసిన మనిషిని ఎవరూ పట్టించుకోరు. అందుకని ఆ "తర్వాత" రాకుండానే ఏళ్ళు గడిచిపోయేవి.

కాంటా దగ్గర

నా రిటైర్మెంటుకు ఎనిమిదేళ్ళ ముందు సంగతి ఇది. కాంటా మీద బరువు చూపే డబ్బా పాడైతే కొత్తది బిగించారు. కొత్త డబ్బా అంకెలను పాతదానికంటే వేగంగా పంపుతుంది. సర్వర్ మాత్రం పాత వేగంతోనే చదువుతోంది. తెర మీద బరువు రావాల్సిన చోట పిచ్చి గీతలు. నేను పోయేసరికి లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారు కట్టాయి. కాంటా ఆపరేటర్ మల్లప్ప ఒక చెవికి ఫోను పెట్టుకుని, కిటికీలోంచి డ్రైవర్లను కన్నడంలో తిడుతున్నాడు. అతనిది బార్డరుకు అవతలి ఊరు.

మార్చాల్సింది ఒక్క లైను. మార్చాను. ఏజెంటును పండబెట్టాను. అంకెలు సక్రమంగా వచ్చాయి, లారీలు కదిలాయి, మల్లప్ప నాకు చెరుకురసం తెప్పించాడు.

ఇంతవరకైతే అందరూ చేసే పనే నేనూ చేశాను. మూడో రోజు చేసింది వేరు. ఏజెంటు పలకకపోతే మా విభాగంలో పెద్ద తెర మీద ఆ మిషన్ పేరు ఎర్రగా కనిపిస్తుంది. మా బాసు ప్రభాకర్ సార్‌కు ఎర్రరంగు కంటపడితే ఊరుకోరు. రూలు రాయడానికి అరపూట పడుతుంది. ఆ తెర చూపే జాబితాలోంచి పేరు తీసేయడానికి ఒక్క నిమిషం చాలు. నేను పేరు తీసేశాను. తెర పచ్చగా అయింది. వారంలో రాసి మళ్ళీ కలుపుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఏడేళ్ళు అనుకుంటూనే ఉన్నాను.

అనిత

రిటైర్మెంటు ఇంకా తొమ్మిది నెలలుందనగా ఆ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలని హెడ్డాఫీసు నుంచి వచ్చింది. పాతదానికి దాన్ని తయారుచేసిన కంపెనీ మద్దతు ఆపేసింది, ఆడిటర్లు ఒప్పుకోవడం లేదు. ఈ పనికి కాంట్రాక్టు మీద ఒక అమ్మాయిని ఇచ్చారు. అనిత. నవాబుపేట దగ్గర పల్లె. తల్లిదండ్రులు కూరగాయల తోటల్లో కూలికి పోయి చదివించారు. ఏడాది కాంట్రాక్టు, ఆ పని బాగా చేస్తే పర్మినెంటు అని మాట. రోజూ బస్సులో వికారాబాద్ వచ్చి నాతోపాటే రైలెక్కేది.

వెర్షన్ మార్చడమంటే బటన్ నొక్కడం అనుకుంటారు. మేం పదిహేనేళ్ళుగా రాసిన రూల్స్‌లో సగం కొత్త వెర్షన్‌కు అర్థం కాలేదు. పాతది చూసీచూడనట్టు పోయిన తప్పులను కొత్తది పట్టుకుని మొత్తం ఆపేసేది. ఏ రూలు ముందు, ఏది తర్వాత అన్న వరస కూడా మారిపోయింది. పాత మిషన్లలో కొత్త ఏజెంటు ఎక్కదు, ఎక్కినదాన్ని రూల్స్ ఉండే సెంట్రల్ సర్వర్ గుర్తుపట్టదు. అనిత రెండు నెలలు ఒక్కో రూలూ తిరగరాసింది. రైల్లో కూడా నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని రాసేది. ధారూర్ స్టేషన్ దాటేలోపల నన్ను పది ప్రశ్నలు అడిగేది. నాకు చిరాకొచ్చేది. ఆ ప్రశ్నలు నేను ఎప్పుడో అడగాల్సినవని తెలిసి మరీ చిరాకొచ్చేది.

తెర మీది జాబితాను కూడా ఆమె నమ్మలేదు. ఫ్యాక్టరీ అంతా కాలినడకన తిరిగి, ఏ గదిలో ఏ మిషన్ ఉందో చూసి సొంతంగా జాబితా రాసుకుంది. దుమ్ములో అంత దూరం మా విభాగం నుంచి ఎవరూ తిరిగింది లేదు. అట్లా కాంటా సర్వర్ దొరికింది.

నా దగ్గరికి వచ్చి అడిగింది. అప్పుడు ప్రభాకర్ సార్ నా ఎదురు కుర్చీలోనే కూర్చుని టీ తాగుతున్నారు.

"మేడం, కాంటా మిషన్ మన లిస్టుల లేదు. ఎందుకు తీసేసిండ్రో తెలుసా?"

తెలుసు. ఆ క్షణంలో అంతా తెలుసు. డబ్బా, ఒక్క లైను, ఎర్రరంగు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఎదురుగా సార్ ఉన్నారు. ఏడేళ్ళ కిందటి దొంగపని ఆయన ముందు ఒప్పుకోవడానికి ముఖం చెల్లలేదు.

"ఎప్పటిదో పాతది బిడ్డా, పేరు పడలేదేమో. గేటు కాడి మిషన్లన్నీ ఒక్క తీరే. వాటితోటే కలిపెయ్, విడిగ చూసేదేం లేదు."

అనిత ప్రతి మిషన్‌నూ ముందు ఉత్తుత్తిగా నడిపి చూసేది. ఏమేం మారుతుందో కాగితం మీద చూసుకుని తర్వాతే ముట్టుకునేది. నా మాట మీద ఆ ఒక్క మిషన్‌కు అది మానేసింది. సాయంత్రం సార్ వెళ్ళాక పిలిచి చెబుదామనుకున్నాను. రైలు టైమైంది. రైల్లో పక్కనే కూర్చుంది, అయినా రేపు చెబుదాంలే అనుకున్నాను.

లారీలు ఆగాయి

వారం తర్వాత పొద్దున పదింటికి మార్పు మొదలైంది. జీతాల సెక్షన్, స్టోర్సు, ల్యాబు, ఒక్కటీ మొరాయించలేదు. పదకొండింటికి గేటు దగ్గరి మిషన్ల వంతు. కొత్త వెర్షన్‌లో ఏజెంటు పేరు మారింది. నేను పండబెట్టింది పాత పేరున్న దాన్ని. కొత్తది ఎక్కగానే తనంతట తానే లేచి, రూల్స్ చదివి, నా ఒక్క లైను తుడిచేసి, ఏడేళ్ళ కిందటి పాత వేగం పెట్టింది.

ఫోను రాగానే నేనే ఉరికాను. అనితను ఆఫీసులోనే ఉండమన్నాను. ఎందుకు ఉండమన్నానో అప్పుడు నన్ను నేను అడగలేదు. లారీల బారు మళ్ళీ రోడ్డు దాకా ఉంది. అందరికంటే ముందున్న డ్రైవర్ దిగి కిటికీ కొడుతున్నాడు. నేను లైను మార్చాను. కొత్త ఏజెంటును కూడా పండబెట్టాను. చదువుతున్న పిల్లలూ, ఇది గమనించండి. ఏ తప్పు వల్ల అక్కడ నిలబడ్డానో అదే తప్పు రెండోసారి చేసి వచ్చాను.

మల్లప్ప నా భుజం మీదుగా తెరను చూస్తున్నాడు. పదో తరగతి కూడా చదవలేదు గాని మనిషి చూపు గట్టిది.

"మేడం, కొత్త డబ్బా పెట్టినప్పుడు గూడ మీరు గిదే జేసిండ్రు గద."

అవునన్నాను. సార్ దగ్గర అనవద్దని కూడా అన్నాను. అతను కిటికీ వైపు తిరిగాడు. తర్వాత లారీని రమ్మని చెయ్యి ఊపుతూ, "నేనెందుకంట మేడం. అనేది ఉంటె మీరే అనాలె," అన్నాడు.

రెండు గంటలు ఆగినందుకు కింది నుంచి హెడ్డాఫీసు దాకా ఫోన్లు మోగాయి. నాలుగింటికి ప్రభాకర్ సార్ గదిలో మీటింగ్. సార్ చెడ్డమనిషి కాదు. పైనుంచి మాట పడినప్పుడు కిందికి ఒక మనిషిని చూపించి ఊపిరి పీల్చుకునే రకం. అట్లాంటి బాసులే ఎక్కువ దొరుకుతారు మీకు. ఆ రోజు చూపించడానికి ఎదురుగా అనిత ఉంది.

టెస్టు చేయకుండా ఎట్లా ఎక్కించావని అడిగారు. అన్నీ చేశాను, కాంటా ఒక్కటీ అడిగి చేశానంది. ఎవరినడిగావన్నారు.

అనిత నా వైపు చూసింది. టీ తాగుతూ ఆ మాటలు విన్న సార్‌కే గుర్తులేదు. గోడ మీద గడియారం నాలుగూ నలభై చూపుతోంది. ఐదు పది రైలు పోతే తర్వాతది ఏడింటికి. నేను గడియారం వైపు చూశాను.

"ఎవర్నో అడిగిన అంటె నడవదమ్మా. ఇది ఫ్యాక్టరీ," అన్నారు సార్.

నెలాఖరు నుంచి రావద్దని అనితకు కాంట్రాక్టరుతో చెప్పించారు. నేను రైలు అందుకున్నాను.

ఆలస్యంగా

రెండు రోజులు జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు. ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయాను. అనంతగిరి గుట్ట ఎక్కుదామని బయల్దేరి సగం దాకా పోయి దిగివచ్చాను. బియ్యం ఏరినవే మళ్ళీ ఏరాను. మూడో రోజు పోయి ప్రభాకర్ సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. రిపోర్టు పైకి పోయిందన్నారు.

"ఆరు నెలల సర్వీసు పెట్టుకొని ఇప్పుడెందుకు సుశీల మేడం ఇవన్నీ? ఆ పిల్లకు ఇంకోటి దొరుకుతది. హైదరాబాద్ల కొదవా?"

ఆ మాటకు లొంగిపోదామనిపించింది. నిజం దాచుకోను. ఆ రోజు సాయంత్రం దాకా అట్లాగే అనుకుని, ఊరట కూడా పడ్డాను. రైల్లో అనిత కూర్చునే కిటికీ సీటు ఖాళీగా కనిపించింది. ఆమె వేరే పెట్టె ఎక్కిందని ధారూర్‌లో మా పెట్టెలోకి మారినవాళ్ళు చెబితే తెలిసింది. ఇంటికి పోగానే హెడ్డాఫీసుకు నేనే ఉత్తరం రాశాను. ఎప్పుడు లైను మార్చానో, పేరెందుకు తీసేశానో, అనిత అడిగితే ఏం చెప్పానో, మొత్తం. అది కదలడానికి అయిదు వారాలు పట్టింది. నాకు మెమో ఇచ్చారు. అనితను మళ్ళీ తీసుకోవచ్చని సార్‌కు రాశారు. అప్పటికి ఆమె మానేసి చాలా రోజులైంది.

ఆ కబురు నేనే చెబుతానని నవాబుపేట బస్సెక్కాను. ఇల్లు వెతుక్కుంటూ పోయేసరికి అనిత వాళ్ళమ్మ అప్పుడే తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. లోపల గోడకు చర్చి క్యాలెండర్, కింద కుర్చీలో నోట్‌బుక్కులు. నేనెవరో చెప్పగానే ఆమె చెంగుతో కుర్చీ తుడిచింది.

"మీరేనా మేడం. మా బిడ్డ రోజు మీ ముచ్చటే జెప్తుండె. నాకు మేడం ఉన్నది, నీకేం ఫికర్ లేదే అమ్మా అంటుండె."

తల కొట్టేసినట్టయింది. అనిత తల్లికి ఏమీ చెప్పలేదన్నమాట. కాంట్రాక్టు అయిపోయిందని మాత్రం చెప్పిందట.

అనిత నీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. నేను తప్పు ఒప్పుకున్నాను, మన్నించమన్నాను, ఉత్తరం సంగతి చెప్పాను, మళ్ళీ రమ్మన్నాను. అన్నీ విన్నది. వాళ్ళమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయాక మెల్లగా మాట్లాడింది.

"నేను రాను మేడం. హైదరాబాద్ల ఒకటి చూసుకున్న, జీతం తక్కువనే. మీరు మర్చిపోయి చెప్పిండ్రేమో అని మీటింగు దాక అనుకున్న. సార్ ఎవర్నడిగినవ్ అన్నప్పుడు మీ పేరు నేను జెప్పుడు మంచిగుండదు, మీరే జెప్తరని ఆగిన. మీరు గడియారం చూసిండ్రు. అప్పుడు తెలిసింది నాకు, మీకు ముందే ఎరుక అని."

 ఆమె గొంతులో కోపం లేదు. రైల్లో రూల్స్ గురించి అడిగేటప్పుడు ఎట్లా మాట్లాడేదో అట్లాగే మాట్లాడింది.

"మిషన్ది ఏమున్నది మేడం, ఒక లైను. దిద్దుకోవచ్చు. రోజు మీ పక్కకు కూసొని రైల్ల రావాలంటె నాతోని కాదు."

చాయ్ వచ్చింది. తాగాను. లేచేటప్పుడు అనిత తన నోట్‌బుక్కు తెచ్చి ఇచ్చింది. మిగిలిన మిషన్ల పని అందులో ఉందని, సగంలో ఆపితే పాడవుతుందని చెప్పింది. ఊరి చివరి దాకా వచ్చి బస్సెక్కించింది కూడా.

మిగిలిన పని

అప్‌గ్రేడ్ నేనే పూర్తిచేశాను. నేను చేశాననడం కూడా సరికాదు. అనిత నోట్‌బుక్కులో రాసినట్టు చేశాను. ఏ మిషన్ గురించీ మనుషుల మాట నమ్మలేదు, నా జ్ఞాపకాన్ని కూడా నమ్మలేదు. ముందు ఏజెంటును చూడమన్నాను గాని ముట్టుకోనివ్వలేదు. ఏమేం మార్చబోతోందో అది చెబితే, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఎవరు ఎందుకు చేత్తో మార్చారో తవ్వాను. పండబెట్టినవి ఇంకా పదకొండు దొరికాయి. నావి మూడు. మిగతావి నాతో పనిచేసి పోయినవాళ్ళవి. వాళ్ళలో ఒకాయన పరిగిలో ఉంటాడు. ఫోన్ చేస్తే నవ్వి, ఇంకా నడుస్తోందా అది అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కాంటా సర్వర్ రూలు మొదట రాశాను. అరపూట పడుతుందని ఏడేళ్ళు వాయిదా వేసిన పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అది చూసి చాలాసేపు నా మీద నాకే మంటగా ఉంది.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. చేత్తో మార్చక తప్పని రోజులు వస్తాయి, మార్చండి. మార్చానని మాత్రం ఆ పూటే నలుగురికీ తెలిసేటట్టు రాయండి. నాలాంటి పాతకాపులు ఏం లేదులే కలిపెయ్ అంటే తల ఊపి, ఆ తర్వాత మిషన్‌ను చూసుకోండి. మాకు గుర్తుండకపోవడం ఒక్కటే కాదు, గుర్తున్నా చెప్పకపోవడం కూడా ఉంటుంది. మీకూ ఒకరోజు జుట్టు నెరుస్తుంది, ఎవరో పిల్ల వచ్చి మిమ్మల్ని అడుగుతుంది. అప్పుడు ఎదురు కుర్చీలో ఎవరున్నారని చూడకండి.

రిటైరైన రోజు క్యాంటీన్‌లో సన్మానం చేశారు. శాలువా కప్పారు. ప్రభాకర్ సార్ మాట్లాడుతూ, ఇంత కష్టమైన అప్‌గ్రేడ్‌ను మేడం ఒంటి చేత్తో చేశారన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు రాగానే లేచి, అది నేను చేయలేదు, అనిత చేసింది, ఆమె ఉద్యోగం నా వల్ల పోయింది అన్నాను. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సార్ తల వంచుకుని ఫోను చూసుకున్నారు. వెనక వరసలో కొత్తగా చేరిన ఇంజినీరు పక్కనున్న మల్లప్పను మెల్లగా అడగడం నాకు వినిపించింది.

"అనిత ఎవరన్నా?"

మల్లప్ప ఏదో చెప్పబోయి, నా వైపు చూసి ఊరుకున్నాడు. అనేది ఉంటే నేనే అనాలి గనక, ఇదంతా రాశాను.